మన వంట కానిదేది?

"మన వంట", "వాళ్ళ వంట" అని ఇళ్ళల్లో చాలా తేలిగ్గా అనేస్తుంటాం. పులిహోర మనది, చాట్ ఉత్తరాది వాళ్ళది. మా ఇంట్లోనూ ఇదే లెక్క ఉండేది. సాయంత్రం పిల్లల కోసం చాట్ చేస్తే, మా అత్తగారు "అది మన తిండి కాదమ్మా" అని కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. రోజంతా ఎవరి పనుల్లో వాళ్ళం ఉంటాం. అందరం కలిసి కూర్చునేది ఆ అరగంటే. అప్పుడూ ఆవిడ విడిగా ఉండటం నాకు వెలితిగా అనిపించేది. అందుకే చాట్‌లో పడే ఒక్కో వస్తువు ఎక్కడిదో చదవడం మొదలుపెట్టాను.

చాట్ అనే మాట హిందీలో 'చాట్‌నా' నుంచి వచ్చింది. అంటే నాకడం. షాజహాన్ ఢిల్లీలో కొత్త నగరం కట్టించినప్పుడు అక్కడి నీళ్ళు జనానికి పడలేదని, పులుపూ కారమూ తినమని హకీములు చెప్పారని, చాట్ అలా పుట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, చాట్ బండి మీద కనిపించే దహీ భల్లా మాత్రం ఆ నగరం కంటే ఐదు వందల ఏళ్ళ పాతది.

కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో వంటల భాగం ఉంది. వడల్ని పెరుగులోనూ పాలలోనూ నానబెట్టడం అందులో కనిపిస్తుంది. ఆ కళ్యాణి ఇప్పటి బసవకళ్యాణ్. మన జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళ్తే ఎంతో దూరం లేదు. ఆ రోజుల్లో కాకతీయులు ఈ చాళుక్యులకే సామంతులు. అంటే దహీ భల్లా మన ఆవడకి దగ్గరి చుట్టమే.

ఇక మనది అనుకునే మిరపకాయ సంగతి చూడండి. అది అమెరికా ఖండాల మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియమే. ఆ పేరునే కొత్త కాయకి తగిలించి మిరపకాయ అన్నాం. 1503లో కన్నుమూసిన అన్నమయ్య ఇంట్లో ఎండుమిర్చి పోపే లేదు! బంగాళాదుంప దక్షిణ అమెరికాది. మనదాకా ఏ దారిన వచ్చిందో దాని పేరే చెప్తోంది.

చింతచెట్టు కూడా పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చిందే. కానీ ఇక్కడ ఎంతగా స్థిరపడిందంటే, అరబ్బులు చింతపండుని 'హిందూ దేశపు ఖర్జూరం' అన్నారు. ఇంగ్లీషువాళ్ళ 'టామరిండ్' ఆ మాటే. చాట్‌లో వేసే తీపి చట్నీలో ఈ ఖర్జూరం, ఆ ఖర్జూరం రెండూ కలుస్తాయి.

ఒకరోజు మినప్పప్పు రుబ్బుతూ ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ నవ్వి, "అయితే ఆవడ ఇంటి ఆడపడుచు, మిరపకాయే కొత్త కోడలన్నమాట" అన్నారు. ఆపైన గిన్నెలోకి తొంగిచూసి, "నీళ్ళెక్కువ పోయకు, పిండి జారైపోతుంది" అని పక్కనే పీట వేసుకున్నారు.

మేం చేసే పద్ధతి ఇదీ. కప్పు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి వడలు వేయించాలి. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట ఉంచి, మెల్లిగా నొక్కి, చిలికిన పెరుగులో వేయాలి. తీపి చట్నీకి నిమ్మకాయంత చింతపండు, పది ఖర్జూరాలు, అరకప్పు బెల్లం ఉడికించి వడకట్టి, వేయించిన జీలకర్ర పొడి, శొంఠి, నల్ల ఉప్పు కలపాలి. పచ్చ చట్నీకి రెండు గుప్పిళ్ళ కొత్తిమీర, గుప్పెడు పుదీనా, మూడు పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసం వేసి చల్లటి నీళ్ళతో రుబ్బితే రంగు మారదు. పైన సన్న కారప్పూస చల్లితే సరి. అత్తగారికి ఆవ, కరివేపాకు పోపు కూడా కావాలి. పిల్లలిప్పుడు పోపు లేకుండా తినట్లేదు.

మీ ఇంట్లో "మనది కాదు" అని పక్కన పెట్టిన వంట ఏదైనా ఉందా? దాని పుట్టుక కూడా ఓసారి వెతికి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ పక్కన కూర్చుని మరీ చెప్పండి.