పాత కప్పుల క్రింద విద్యుచ్ఛక్తి పొదుపు

క్రొత్తగా భవనము కట్టునపుడు విద్యుచ్ఛక్తిని పొదుపు చేయు ఏర్పాట్లు చేసికొనుట సులభము. కాని మనలో పెక్కుమందిమి ఇదివరకే కట్టియున్న ఇండ్లలో, బడులలో, కచేరీలలోనే బ్రతుకవలసినవారము. ఈ పాత కట్టడములలో విద్యుత్తు ఎట్లు ఖర్చగుచున్నది? దానిని తగ్గించుటకు ముందుగా చేయవలసిన పని యేది? ఈ ప్రశ్నలకు మన ఇండ్ల చరిత్రలోను, విజ్ఞాన చరిత్రలోను సమాధానము దొరకును.

ఓరుగల్లు, హనుమకొండలలోని పూర్వపు ఇండ్లు మందమైన మట్టిగోడలతోను, గూనపెంకులతోను కట్టినవి. మందపు గోడ పగటి వేడిని మెల్లమెల్లగా మాత్రమే లోనికి పోనిచ్చును. గోడకు కొట్టిన సున్నము సూర్యరశ్మిలో అధికభాగమును వెనుకకు త్రిప్పి పంపును. పెంకుల సందులనుండి వేడిగాలి వెలుపలికి పోవును. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిరి. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయినది. ఈ కాలములోనే నగరమున కాంక్రీటు కట్టడములు విస్తరించినవి. కాంక్రీటు కప్పునకు చెదలు పట్టదు. దానిపై మరియొక అంతస్తు వేసికొనవచ్చును. అయితే ఈ మేలుతోపాటు ఒక కీడును వచ్చినది. ఎండకు, వానకు నల్లబడిన కాంక్రీటు తనపై పడిన సూర్యశక్తిలో మూడింట రెండు పాళ్లకు మించి పీల్చుకొనును. పగలు త్రాగిన ఆ వేడిని రాత్రి గదిలోనికి విడుచును. మే నెలలో డాబా ఇంటి పై అంతస్తున పండుకొన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నష్టమును శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వారును, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారును కలిసి హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనములపై పరిశోధన జరిపి, 2012లో ఫలితములు ప్రకటించిరి. మామూలు కాంక్రీటు కప్పునకు తెల్లని పూత వేసినచో, చదరపు మీటరు ఒకంటికి ఏటా 13 నుండి 14 యూనిట్ల విద్యుత్తు మిగులునని తేలినది. అనగా ఏ.సి.లకగు ఖర్చులో నూటికి 10 నుండి 19 పాళ్లు తగ్గునన్నమాట. ఫ్యానులు మాత్రమేయున్న బడిలో బిల్లు అంతగా తగ్గకపోయినను, పిల్లల తలలపై వేడి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రములో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇట్లు మార్చవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. తాతల నాటి సున్నపు పూతలోని సూత్రమే ఇందులోను ఉన్నది.

ఇక కప్పు క్రిందనున్న పరికరముల సంగతి చూతము. 1879లో ఎడిసన్ వెలిగించిన తంతుదీపము లోకమునకు గొప్ప మేలు చేసినది. కాని అది తీసికొను శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగానే పోవును. నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానము లభించినది. దాని ఫలముగా 60 వాట్ల బల్బు ఇచ్చు వెలుగును నేడు 9 వాట్ల దీపమే ఇచ్చుచున్నది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనును. క్రొత్త రకపు బి.ఎల్.డి.సి. ఫ్యానునకు 30 వాట్లు చాలును.

సూర్యరశ్మినుండి విద్యుత్తు పుట్టుటను 1839లో బెకెరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గమనించెను. 1954లో బెల్ ప్రయోగశాలలో తయారైన సిలికాను ఘటము సూర్యశక్తిలో నూటికి 6 పాళ్లను విద్యుత్తుగా మార్చెను. నేటి ఫలకములు 20 పాళ్లను దాటినవి. వరంగల్లు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. కనుక ఇచ్చట ఫలకములను దక్షిణముగా, ఇంచుమించు అంతే వాలుతో అమర్చవలెను. ఒక కిలోవాటు ఫలకములకు సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావలెను. అవి సగటున రోజుకు 4 యూనిట్లు ఇచ్చును.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. ఒక ఉన్నత పాఠశాలలో 40 ఫ్యానులు రోజుకు 6 గంటలు తిరుగుననుకొందము. పాత ఫ్యానులకు 18 యూనిట్లు కావలెను; క్రొత్తవానికి 7.2 యూనిట్లు చాలును. మిగులు 10.8 యూనిట్లు. అంత విద్యుత్తును ఫలకములతో ఉత్పత్తి చేయవలెనన్నచో దాదాపు 2.7 కిలోవాట్ల ఫలకములు, 27 చదరపు మీటర్ల కప్పు కావలెను. చిల్లికుండను పూడ్చక నీరు పోయుట తెలివిగాదు గదా! కనుక మొదట కప్పునకు తెల్లని పూత, పిదప దీపములు, ఫ్యానులు, ఆ తరువాత సౌరఫలకములు అను వరుస మేలైనది. అప్పుడు చిన్న ఫలకములతోనే పని జరుగును.

పాత కట్టడమునకు ఇది అసాధ్యము కాదు. 1916లో కట్టిన కాచిగూడ రైల్వే స్టేషనులో దక్షిణ మధ్య రైల్వే వారు ఎల్.ఇ.డి. దీపములను, సౌరఫలకములను అమర్చిరి. నూరేండ్ల గోడలు కూలలేదు; శోభయు తగ్గలేదు.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తమ బడికే అన్వయించి, విద్యార్థులచేత చేయించవచ్చును. ఫ్యానులెన్ని, వాని వాట్లెన్ని, అవి తిరుగు గంటలెన్ని? విద్యుత్ మీటరు, కాగితము, పెన్సిలు ఇందుకు చాలును. ఆ లెక్కలో వచ్చిన అంకెయే ఆ బడిలో ముందుగా ఏ పని చేయవలెనో తెలుపును.