ఉప్పునీటి బాట: బకింగ్‌హామ్ కాలువ కథ



చెన్నై సెంట్రల్ నుంచి ఆంధ్ర వైపు రైలెక్కిన వారందరికీ బేసిన్ బ్రిడ్జి స్టేషను తెలిసే ఉంటుంది. బండి అక్కడ కాసేపు నిలబడుతుంది, మనం విసుక్కుంటాం. ఆ పేరు ఎందుకొచ్చిందని మాత్రం అడగం. బేసిన్ అంటే ఇక్కడ పడవలు వచ్చి ఆగే పెద్ద నీటి మడుగు. ఆ పక్కనే సాల్ట్ కొటార్స్ అని రైల్వే సరుకుల యార్డు ఒకటుంది. కొటార్స్ అన్నది ఇంగ్లీషు మాట కాదు. తమిళంలో కొట్టారం, మన తెలుగులో కొఠారు. అవి ఉప్పు కొఠార్లన్నమాట. ఆ ఉప్పు పడవల మీద వచ్చేది. పడవలు వచ్చిన దారి బకింగ్‌హామ్ కాలువ. ఈనాటి ప్రసంగం ఆ కాలువ గురించే.

మొదట దాని నడక చెబుతాను. బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర మొదలై, సముద్రపు ఒడ్డును విడవకుండా, ఒంగోలుకు తూర్పుగా, నెల్లూరు జిల్లా తీరమంతా దిగి, కృష్ణపట్నం, శ్రీహరికోట, పులికాటు, ఎన్నూరు మీదుగా చెన్నై నగరంలోకి వస్తుంది. నగరాన్ని దాటి కోవళం, మహాబలిపురం, సదరాసు పక్కగా పోయి మరక్కాణం దగ్గర ఆగుతుంది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు. అందులో 258 ఆంధ్రలో, 163 తమిళనాడులో. పెదగంజాం దగ్గర దీనికి కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువ కలుస్తుంది. కొమ్మమూరు కాలువ పట్టుకొని పైకి పోతే విజయవాడ. అక్కడి నుంచి ఏలూరు కాలువ, గోదావరి కాలువలు, ఆఖరికి కాకినాడ. యానాం శ్రోతలు గమనించాలి. మీ పొరుగున ఉన్న కాకినాడలో పడవెక్కిన మనిషి సముద్రంలో అడుగుపెట్టకుండానే పుదుచ్చేరి దరిదాపులకు చేరగలిగిన కాలం ఒకటుండేది.

అంతకుముందు దక్షిణాది ప్రయాణమంటే నేలదారే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు బోయీలతో, పరివారంతో నేల మీదనే పోయారు. అప్పటికి కాలువ ఉంది గాని చిన్నది. 1806 నాటికి బాసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా, సుమారు 11 మైళ్ళు, సొంత వ్యాపారంగా తవ్వించాడు. జనం దాన్ని కాక్రేన్ కాలువ అనేవారు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అంచెలంచెలుగా ఉత్తరానికీ, దక్షిణానికీ పొడిగించారు. ఒక్కసారిగా గీసిన గీత కాదిది. తీరం వెంబడి ముందే ఉన్న ఉప్పుటేళ్ళను, పులికాటు వంటి సరస్సును ఒకదానికొకటి కుట్టుకుంటూ పోయారు.

ఇక ఆ పేరు సంగతి. 1876-78 కరువును పెద్దలు ధాత కరువు అనేవారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దానికి బాగా నలిగిపోయాయి. దేశం మొత్తం మీద అరకోటికి పైగా జనం పోయారని అంచనా. పొట్ట చేతపట్టుకొని మద్రాసు చేరిన జనాన్ని కరువు పనులకు పెట్టారు. ఆ పనుల్లో ఒకటి కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల కాలువ. 1877-78లో తవ్వారు. దానితో ఉత్తరపు కాలువ, దక్షిణపు కాలువ ఒకటయ్యాయి. 1877 జనవరిలో భారత ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు కూలీని కోసేసి, మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌనంటే మన లెక్కలో అర కిలోకు తక్కువ. దాంతో రోజంతా మట్టి మొయ్యాలి! మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కోర్నిష్ ఇది మనిషి బతికే తిండి కాదని గట్టిగా అభ్యంతరం చెప్పాడు. కాలువకు మాత్రం ఆనాటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు. మట్టి తీసిన వారి పేరు ఒక్కటీ మనకు మిగలలేదు.

ఈ కాలువలో పడవ ఎలా నడిచేదో ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గెడలు వేసేవారు. ఎదురుగాలైతే ఒకరిద్దరు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకొని లాగేవారు. బియ్యం, ఉప్పు, గుల్లసున్నానికి గుల్ల, కట్టెలు - ఇవీ సరుకులు. మద్రాసు పొయ్యిల్లో మండిన సర్వీ కట్టెలు చాలామటుకు శ్రీహరికోట నుంచి ఈ కాలువ మీదనే పోయాయి. నేడు రాకెట్లు లేచే దీవి ఒకప్పుడు కట్టెల దీవి.

అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కొమ్మమూరు కాలువలో పారేది కృష్ణ నీరు, తీపి నీరు. బకింగ్‌హామ్ కాలువలోది ఉప్పునీరు. సముద్రపు పోటు వస్తే నిండుతుంది, పోటు తీస్తే తగ్గుతుంది. మద్రాసు దగ్గర ఆటుపోట్ల తేడా పెద్దపోటు రోజుల్లో కూడా సుమారు మీటరే. ఆ కాస్త నీటినీ పట్టి నిలపడానికే కాలువ నదిని దాటే చోట్ల లాకులు కట్టారు. ఈశాన్య రుతుపవనంలో నదులు పొంగి ఇసుక తెచ్చి కాలువ అడుగున పోస్తాయి. ఇటు సముద్రపు అలలు ముఖద్వారాల దగ్గర ఇసుక మేట వేస్తాయి. మేట పడిందంటే పోటు నీరు లోపలికి రాదు. అందుకని ఏటేటా పూడిక తియ్యాలి, లాకుల తలుపులు బాగుచెయ్యాలి. తీసినన్నాళ్ళు అది కాలువ, తియ్యకపోతే బురద గుంట.

1899లో బెజవాడ-మద్రాసు రైలుమార్గం పూర్తయింది. రైలు వచ్చి కాలువను చంపిందని అందరూ అంటారు. నాకు ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు. రైలు వచ్చిన తర్వాత కూడా అరవై ఏళ్ళకు పైగా పడవలు తిరిగాయి. బరువైన, తొందరలేని సరుకుకు పడవే చవక. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటిదాకా ఒకే ప్రభుత్వం కింద ఉన్న కాలువ రెండు ముక్కలైంది. 1965, 1966 సంవత్సరాల తుపానులకు గట్లు తెగి, లాకులు దెబ్బతిని రవాణా పడిపోయింది. ఆ తర్వాత కోలుకోలేదు.

ఎందుకు కోలుకోలేదు? తుపానుకు గండిపడిన కృష్ణా కాలువలను ఎన్నిసార్లు బాగుచెయ్యలేదు! అక్కడ నీరు ఆగితే రైతు ఊరుకోడు. మడి ఎండుతుంది, ధర్నా చేస్తాడు. ఈ ఉప్పుకాలువ ఒక్క ఎకరానికీ నీరియ్యదు. దానికి ఆయకట్టు లేదు. దాని మీద బతికింది సరంగులూ, పడవలు లాగే కూలీలూ, రేవుల్లో మోతగాళ్ళూ. పడవ ఆగిన నాడు వాళ్ళు వేరే పని వెతుక్కొని పోయారు. కాలువ తరఫున అడిగేవాడు లేకపోయాడు. నాకు తోచిన కారణం ఇది.

చెన్నైలో దాని గతి మరీ దయనీయం. నగరపు మురుగంతా అందులోకే. ఎత్తు మీద నడిచే పట్టణ రైలు మొదటి భాగం 1995లో తెరిచారు. మైలాపూరు వైపు పోతే చూడండి, స్తంభాలు చాలాచోట్ల కాలువలోనే నిలిచి ఉంటాయి. వాటి మధ్య పడవ పట్టదు.

ఇంత జరిగినా 2004 డిసెంబరు 26న ఆ కాలువ ఒక మేలు చేసింది. సునామీ అల ఒడ్డు దాటి వచ్చినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలాచోట్ల ఆ నీరు ముందు కాలువలో పడి, దాన్ని నింపి, అక్కడి నుంచి వెనక్కి మళ్ళిందని శాస్త్రజ్ఞులు రాశారు. కాలువకు పడమటగా ఉన్న జాలరుల పల్లెలకు అది అడ్డు నిలిచింది.

2008లో పార్లమెంటు కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొన్ని భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా చట్టం చేసింది. 2017లో కృష్ణానదిలో ముక్త్యాల-విజయవాడ మధ్య పని మొదలుపెట్టారు. బకింగ్‌హామ్ కాలువ వంతు మాత్రం ఇంకా రాలేదు.

ఇది విని, సెలవుల్లో ఒక పడవ కట్టించుకొని పాత దారిన పోదామని ఎవరికైనా ఉబలాటం కలగవచ్చు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా ఏకబిగిన పోవడం నేడు సాధ్యం కాదు. పూడిక ఉంది, పాడైన లాకులున్నాయి, తక్కువ ఎత్తు వంతెనలున్నాయి, నగరంలో గుర్రపుడెక్క ఉంది. ముక్కలు ముక్కలుగా చూడవచ్చు. చెన్నైకి దక్షిణంగా ముట్టుకాడు దగ్గర తమిళనాడు పర్యాటక శాఖ వారి పడవలున్నాయి. పులికాటులో జాలరుల పడవలున్నాయి. 1613లో డచ్చివారు గెల్‌డ్రియా కోట కట్టిన ఊరు అది. అటు వెళ్తే తమిళం, తెలుగు రెండూ వినబడతాయి.

పులికాటులో ఒక్క జాగ్రత్త. సరస్సు నిశ్చలంగా కనబడుతుంది, లోతూ తక్కువే. కాని సముద్రం కలిసే ముఖద్వారం దగ్గర అది వేరే నీరు. లోపలి నుంచి తీసే పాటు, బయటి నుంచి వచ్చే అల అక్కడ ఢీకొంటాయి. 2011 డిసెంబరు 25న పండుగపూట విహారానికి వెళ్ళిన పడవ ఆ సరస్సులో బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. పడవలోకి ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి, తొడుక్కోవడానికి రక్షణ కోటు అడగండి, లేదంటే దిగిపొండి. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో సరంగును అడగండి. ముఖద్వారం దాకా తీసుకుపొమ్మని అతణ్ణి బలవంతపెట్టకండి. రానంటే ఆయనకు తెలిసి అంటున్నాడని ఒడ్డున దిగి, ఆ పక్కనే డచ్చివారి సమాధులున్నాయి, అవి చూసి రండి.