పరిహారం వేరు, పునరావాసం వేరు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంగ్లీషు హోంవర్క్ ముందేసుకుని కూర్చుంది. దగ్గరి అర్థాలున్న మాటలకు తేడా రాయాలట. కాంపెన్సేషన్, రీసెటిల్‌మెంట్, రిహాబిలిటేషన్. "అన్నీ ఒకటే కదమ్మా, ఊరు పోయినవాళ్లకు ఇచ్చేవేగా" అంది. పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తి చూసింది.

మాది అలంపూర్. అత్తమ్మ పుట్టినూరు శ్రీశైలం నీళ్లలో మునిగిపోయింది.

నాకు తెలిసినంతలో అమ్మాయికి ఇలా చెప్పాను. పోయినదానికి వెలకట్టి చేతిలో పెట్టే డబ్బు కాంపెన్సేషన్, అంటే పరిహారం. ఇంకోచోట జాగా చూపించి ఇల్లు నిలబెట్టడం రీసెటిల్‌మెంట్. పని, బడి, నీళ్లు చూపించి, మనిషి మళ్లీ తన కాళ్ల మీద నిలబడేదాకా తోడుండడం రిహాబిలిటేషన్. ఈ చివరి రెండింటినీ కలిపి మనం పునరావాసం అనేస్తాం.

ఈ తేడా మా ప్రాంతం వాళ్లు డిక్షనరీ చూసి నేర్చుకోలేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1981 ఎండాకాలంలో ఊళ్లు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు పోయాయి. అప్పటికి ఉన్న భూసేకరణ చట్టం తెల్లదొరల నాటిది, 1894లో చేసింది. అందులో పరిహారం ఉంది కానీ పునరావాసం హక్కుగా లేదు. పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్లకే. ఆ రోజుల్లో ఆడవాళ్ల పేరున పట్టాలు ఎన్ని ఉండేవో మీకు చెప్పాలా?

కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం కూడా ముంపులోకి వచ్చింది. చాళుక్యుల నాటి గుడి. దాన్ని రాయి రాయి విప్పి తెచ్చి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే కాపాడారు. మంచిపనే, ఇవాళ మనం వాటిని చూస్తున్నామంటే అందువల్లే.

"గుడిని ఏ రాయి ఎక్కడుందో అట్లే పేర్చినారు" అంది అత్తమ్మ. "మా వాడ ఒక్కతీరుగ పేర్చలేదు. ఒకరు కర్నూలు పాయె, ఒకరు హైదరాబాదు పాయె. పైసలు మా నాయన చేతికొచ్చినయి, రెండేండ్లల్ల అయిపోయినయి. మా అమ్మ బర్రె పాలమ్మి మమ్మల్ని సాకేది. ఆ బర్రెను మేపేతందుకు కొత్తూర్ల జాగ లేకపాయె."

బర్రె పోతే దాని వెల ఇవ్వడం పరిహారం. మేపుకునే బీడు, పాలు పోయించుకునే ఇళ్లు మళ్లీ దొరికితేనే పునరావాసం. అమ్మాయికి అప్పుడు అర్థమైంది.

1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబాల్లో అర్హులైన ఒకరికి ఉద్యోగం అని అందులో ఉంది. దానికోసం మా వైపు ఎంతమంది ఏళ్ల తరబడి తిరిగారో! చట్టం పేరులోకే పునరావాసం అన్న మాట ఎక్కింది 2013లో. అమల్లోకి వచ్చింది 2014 జనవరి 1న. ఒక మాట పక్కన ఇంకో మాట చేరడానికి 119 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ కొత్త చట్టంలో మనం గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. భర్త పోయినవాళ్లను, విడాకులైనవాళ్లను, ఇంట్లోవాళ్లు వదిలేసినవాళ్లను విడి కుటుంబంగా లెక్కించాలి. ఇచ్చే స్థలమో ఇల్లో భార్యాభర్తలిద్దరి పేరునా రాయించుకోవచ్చు. రోడ్డుకో కాలువకో మీ ఊళ్లో భూమి తీసుకుంటున్నారంటే, సంతకం పెట్టేముందు కాగితంలో ఏ మాట ఉందో చదివించుకోండి.

అమ్మాయి నోట్సులో మూడు వాక్యాలు రాసుకుంది. మూడోదాంట్లో బర్రె ఉంది. టీచరు ఏమంటారో చూడాలి.