పదకొండు లక్షలంటే ఎంత?

సుద్దముక్క నీ చేతిలో ఉంది. బోర్డు మీద ఒకటే సంఖ్య: 11,43,000 క్యూసెక్కులు. దాని పక్కనే సారు ఓ పాత పేపరు ముక్క అతికించారు. 2024 సెప్టెంబరు మొదటి వారం నాటిది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ, డెబ్బై గేట్లు, వాటి కింద బురద రంగులో ఉరుకుతున్న కృష్ణ.

"ఎక్కువా, తక్కువా?" సారు అడుగుతారు.

"ఎక్కువే సార్."

"ఎంత ఎక్కువ?"

నీ నోరు పెగలదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటారు. క్యూసెక్కు అన్న మాట టీవీలో ఎన్నోసార్లు విన్నావు. కంటితో మాత్రం చూడలేదు.

సారు బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి నీ చేతుల్లో పెడతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. "దీని నిండా నీళ్లు సెకనుకోసారి దాటిపోతుంటే, అదీ ఒక క్యూసెక్కు."

పెట్టెలో పట్టేది సుమారు 28 లీటర్లు. రెండు బకెట్లు. నువ్వు గుణిస్తావు. సెకనుకు 3 కోట్ల 20 లక్షల లీటర్లు. అయినా మనసుకు అందదు. మీ వీధికొచ్చే నీళ్ల ట్యాంకరు గుర్తొస్తుంది. 5,000 లీటర్లది. భాగిస్తావు. 6,400. ఒక్క సెకనులో, నీ ముందు నుంచి, ఆరు వేల నాలుగు వందల ట్యాంకర్లు.

మరి గేట్లు దించి ఆపొచ్చుగా?

బ్యారేజీ వెనక నిలిచేది 3 టీఎంసీలకు కాస్త పైన. టీఎంసీ అంటే అలాంటి పెట్టెలు వంద కోట్లు. 300 కోట్లను 11,43,000తో భాగిస్తావు. దాదాపు 2,600 సెకన్లు. ముప్పావు గంట. అంటే, ఖాళీ బ్యారేజీ కూడా ఈ ఒక్క పీరియడులో నిండిపోతుంది.

నీ స్నేహితుడు లేచి రెండు స్తంభాలు గీస్తాడు. 2009 నాటి పాత రికార్డు 11.10 లక్షలు. కొత్తది 11.43. వాడి బొమ్మలో కొత్తది నాలుగింతలుంది. క్లాసు నోరెళ్లబెడుతుంది. నువ్వు అడుగున చూస్తావు. స్తంభాలు సున్నా దగ్గర మొదలవలేదు, 11 లక్షల దగ్గర మొదలయ్యాయి. చెరిపి, సున్నా నుంచి గీస్తావు. రెండూ దాదాపు సమానం. తేడా నూటికి మూడే.

నువ్వు గర్వంగా వెనక్కి తిరుగుతావు.

"సార్," ముందు బెంచీ అమ్మాయి అంటుంది. వాళ్లది సింగ్‌నగర్. "మా ఇంట్లోకొచ్చింది కృష్ణ నీళ్లు కాదు. బుడమేరు వాగు నీళ్లు."

ఎవరూ మాట్లాడరు. ఇంతసేపూ నువ్వు లెక్కేసిన సంఖ్య ఆ పిల్ల గడపది కాదు.

సారు బోర్డంతా తుడిచేస్తారు. అయిదు మెట్లు గీస్తారు. పైన గడప.

"రాత్రి రెండయింది. మొదటి మెట్టు మునగడానికి రెండు గంటలు పట్టింది. రెండోదానికి గంట. మూడోది అరగంటలో పోయింది. ఇంకెంత టైముంది?"

సగటు తీస్తావు. మూడు మెట్లకు మూడున్నర గంటలు. మిగిలిన రెండింటికి రెండు గంటల ఇరవై నిమిషాలు. ఒక కునుకు తీయొచ్చు.

సుద్ద ఆగిపోతుంది.

రెండు. ఒకటి. అర.

ప్రతి మెట్టుకీ టైము సగమవుతోంది. తర్వాతిది పావుగంట. ఆపైది ఏడున్నర నిమిషాలు.

కరెంటు లేదు. మంచం కింద చీకటి. నాలుగో మెట్టు తడిసింది. అమ్మమ్మ నిద్రలో ఉంది. ఆమె మెల్లగా నడుస్తుంది.

"జవాబు?"

నువ్వు అంకె రాయవు.

"అమ్మమ్మను లేపుతాను సార్."

బడి గంట మోగుతుంది. పీరియడు అయిపోయింది. ముప్పావు గంట.