బర్మాలో పాదరక్షల తగవు

పరదేశమునకుఁ బోవువాఁడు ముందుగా నచ్చటి భాష నేర్వవలెనని పెద్దలందురు. అంతకంటె ముందు, అచ్చటివారు చెప్పు లెక్కడ విడుతురో తెలిసికొనవలెనని నే నందును. ఇది పరిహాసము గాదు. ఈ చిన్న మర్యాదనుగూర్చియే బర్మాదేశమున రాజునకును దొరలకును నడుమ మాటలు నిలిచిపోయినవి.

బర్మారాజు సమ్ముఖమునకు వెళ్లువారు చెప్పులు విడిచి నేలపైఁ గూర్చుండుట యచ్చటి పురాతనాచారము. ఆంగ్లేయ రాయబారులును లోలోపల నొచ్చుకొనుచునే చిరకాల మట్లు చేసిరి. వారి దేశమున మర్యాద చూపువాఁడు టోపీ తీయును గాని బూట్లు తీయఁడు. 1875లో డగ్లసు ఫార్సైతు దొర మాండలే నగరమునకు రాయబారమేగి వచ్చిన పిమ్మట, ఇఁకమీఁదఁ దమ రెసిడెంటు బూట్లు విప్పరాదని ఇండియా ప్రభుత్వమువారు నిశ్చయించిరి. మిండన్ రాజు సమ్మతింపలేదు. అంతటితో రెసిడెంటునకు రాజదర్శనము లేకపోయెను. ముఖాముఖిఁ దీఱవలసిన సంగతులు మధ్యవర్తులపాలయ్యెను.

1878లో మిండన్ గతించెను. మఱుసటి యేఁడు రెసిడెంటును వెనుకకుఁ బిలిపించిరి. 1885లో యుద్ధము వచ్చెను. 1886 జనవరి 1వ తేదీన రాజ్యము ఆంగ్లేయుల వశమయ్యెను. ఈ యుద్ధమునకుఁ జెప్పులే కారణమనుట సత్యము గాదు. టేకుకలప కంపెనీపై విధించిన జరిమానాయు, ఫ్రెంచివారినిగూర్చిన భయమును ముఖ్యకారణములు. అయినను, తగవు ముదిరినపుడు రాజునెదుటఁ గూర్చుండి మాటాడఁగల దొర యొక్కఁడును లేకపోవుటకు ఆ పాతపట్టుదలయుఁ దోడ్పడెను.

రాజ్యము పోయినను తగవు పోలేదు. దొరలు బూట్లతోనే పగోడాలలోఁ దిరుగుచుండిరి. 1916 మొదలుకొని బౌద్ధ యువజన సంఘమువారు దీనిపై నాందోళనము సాగించిరి. 1919లో మాండలేలోని ఐందోయా పగోడాయందు బూట్లతోఁ బ్రవేశించిన ఐరోపీయులపై భిక్షువులు తిరుగఁబడిరి. ఒక భిక్షువునకు యావజ్జీవశిక్ష పడెను. తుదకు ఆ యేఁటనే, ఏ యాలయమున నా యాలయపుఁ బెద్దభిక్షువు చెప్పినదే నియమమని ప్రభుత్వమువా రంగీకరింపవలసివచ్చెను.

ఆ దినములలో మన కోరంగి, కాకినాడ, విశాఖపట్టణ ప్రాంతములవారు వేలకొలఁది రంగూనులో ధాన్యపుమిల్లులయందును రేవునందును బనిచేసిరి. తెలుఁగువారిని అచ్చటివారు కోరంగీ లని పిలిచిరి. గుడివాకిటఁ జెప్పులు విడుచుట మనకును ఆచారమే. కాని పోలిక చూచి మోసపోరాదు. అచ్చట మేజోళ్లును విప్పవలెను. మనము తలపైఁ జేయి వేసి దీవింతుము. అచ్చట ఇతరుల తల ముట్టుట తప్పు. బుద్ధవిగ్రహమువైపు కాళ్లు చాఁపి కూర్చుండరాదు.

నేఁడు మన గ్రామములనుండి బిడ్డలు దూరదేశములకుఁ బోవుచున్నారు. పెద్దలు వారికిఁ జెప్పఁదగిన మాట యొక్కటి కలదు: గుమ్మముకడ నొక్కక్షణము నిలిచి, ఇంటివా రేమి చేయుచున్నారో చూచి, పిదప నడుగు పెట్టుఁడు. తెలియక చేసిన తప్పును ఎల్లవారును మన్నింతురు. ఆ దొరలు తెలియక చేయలేదు, తెలిసియే చేసిరి. కనుకనే బర్మావారు దానిని మఱువలేదు.