హార్డ్ డిస్కు సెక్టార్: 512 బైట్ల నుంచి 4096 బైట్లకు ఎందుకు మారింది?

హార్డ్ డిస్కులో సమాచారం రాసేందుకు, చదివేందుకు ఉండే అతి చిన్న గడిని సెక్టార్ అంటారు. డిస్కు పళ్లెం మీద గుండ్రంగా ఉండే ట్రాకులను ముక్కలు చేస్తే వచ్చేవే ఇవి. ఒక్క అక్షరం మార్చాలన్నా డిస్కు సెక్టార్ మొత్తాన్ని మళ్లీ రాయాల్సిందే. దశాబ్దాల పాటు ఒక్కో సెక్టార్ పరిమాణం 512 బైట్లే. ఇప్పుడు దొరికే పెద్ద డిస్కుల్లో చాలావాటికి అది 4096 బైట్లు, అంటే 4కె.

చోటు ఎక్కడ పోతుంది?

సెక్టార్‌లో వాడుకరి డేటా ఒక్కటే ఉండదు. ముందు కొంత ఖాళీ, సెక్టార్ ఎక్కడ మొదలైందో తెలిపే గుర్తులు ఉంటాయి. వీటికి సుమారు 15 బైట్లు పోతాయి. చివర తప్పులు సరిదిద్దే కోడ్ (ఈసీసీ) ఉంటుంది. పాత పద్ధతిలో దీనికి మరో 50 బైట్లు. అంటే 512 బైట్ల డేటాకు పళ్లెం మీద 577 బైట్ల చోటు కావాలి. డేటాకు దక్కేది 88.7 శాతమే.

ఎనిమిది కిలోల బియ్యాన్ని కిలో చొప్పున కడితే ఎనిమిది సంచులు, ఎనిమిది ముడులు కావాలి. ఒకే సంచిలో పోస్తే ఒక్క ముడి చాలు. ఇక్కడా అంతే. ఎనిమిది పాత సెక్టార్లకు 4616 బైట్ల చోటు పడుతుంది. అదే డేటాను ఒక 4కె సెక్టార్‌లో పెడితే 15 బైట్ల గుర్తులు, 100 బైట్ల ఈసీసీ కలిపి 4211 బైట్లతో సరిపోతుంది. డేటా వాటా 97.3 శాతానికి పెరుగుతుంది. అదే పళ్లెం మీద దాదాపు పదో వంతు ఎక్కువ డేటా పడుతుందన్నమాట.

ఇంకో లాభమూ ఉంది. బిట్లు చిన్నవయ్యే కొద్దీ అదే సైజు గీత ఎక్కువ బిట్లను పాడుచేస్తుంది. 100 బైట్ల పెద్ద ఈసీసీ ఇలాంటి పొడవాటి దెబ్బలను మెరుగ్గా సరిదిద్దగలదు.

డిస్కు తయారీదారుల సంఘం ఐడెమా ద్వారా కంపెనీలు ఈ మార్పుకు ఒప్పుకున్నాయి. దీనికి అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ అని పేరు. 2009 చివర్లో వెస్టర్న్ డిజిటల్ ఇలాంటి డిస్కులను మార్కెట్లోకి తెచ్చింది. 2011 జనవరి నుంచి డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ కొత్త మోడళ్లు ఈ పద్ధతికి మారాయి.

కొనేవారికి ఎక్కువ చోటు వస్తుందా?

రాదు. 1 టీబీ డిస్కు ఏ రకమైనా 1 టీబీయే. 512 బైట్లవి 1,95,35,25,168 సెక్టార్లు ఉన్నా, 4096 బైట్లవి 24,41,90,646 ఉన్నా మొత్తం ఒక్కటే, లక్ష కోట్ల బైట్లకు కాస్త పైన. మిగిలిన చోటుతో కంపెనీలు ఇంకా పెద్ద డిస్కులు చేయగలుగుతాయి. విండోస్‌లో 1 టీబీకి బదులు 931 జీబీ కనిపించడానికీ సెక్టార్‌కూ సంబంధం లేదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. తేడా అక్కడే వస్తుంది.

512ఇ, 4కెఎన్

పాత సాఫ్ట్‌వేర్ 512 బైట్లనే అడుగుతుంది కాబట్టి, లోపల 4కె ఉన్నా బయటికి 512గా చూపించే డిస్కులు వచ్చాయి. ఇవే 512ఇ. ఉన్నదున్నట్టు 4కె చూపేవి 4కెఎన్. వీటిని విండోస్ 8 నుంచే విండోస్ నేరుగా గుర్తిస్తుంది.

512ఇతో ఒక చిక్కుంది. విండోస్ ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. 63ను ఎనిమిదితో భాగిస్తే శేషం మిగులుతుంది. దాంతో ప్రతి 4కె ముక్కా రెండు అసలు సెక్టార్ల మీదికి వస్తుంది. డిస్కు ముందు చదివి, ఒక చుట్టు తిరిగేదాకా ఆగి, అప్పుడు రాయాలి. 7200 ఆర్‌పీఎం డిస్కుకు ఒక చుట్టు అంటే 8.3 మిల్లీసెకన్లు. చోటు పోదు గానీ వేగం పడిపోతుంది. విస్టా నుంచి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది కాబట్టి ఈ బాధ లేదు. పాత డిస్కును యథాతథంగా కొత్తదానికి క్లోన్ చేస్తే మాత్రం ఈ లోపం కూడా వెంట వస్తుంది.

2 టీబీ హద్దు, ఒక జాగ్రత్త

పాత ఎంబీఆర్ పద్ధతి సెక్టార్లను 32 బిట్లలోనే లెక్కిస్తుంది. 512 బైట్లయితే 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 4096 అయితే 17.6 టీబీ దాకా వెళ్తుంది. ఈ హద్దు దాటించడానికి కొన్ని యూఎస్‌బీ డిస్కు పెట్టెలు 512ఇ డిస్కును 4కెగా కంప్యూటర్‌కు చూపించేవి. అలాంటి పెట్టె పాడైందని డిస్కు తీసి నేరుగా మదర్‌బోర్డుకు పెడితే లెక్క తప్పుతుంది. డిస్కు ఖాళీగా కనిపించవచ్చు, ఫార్మాట్ చేయమని విండోస్ అడగవచ్చు. అక్కడ తొందరపడి సరే నొక్కితే ఏళ్ల ఫొటోలు, కాగితాలు చేజారతాయి. డేటా ఎక్కడికీ పోలేదు, చిరునామాల లెక్కే మారింది. అదే రకం పెట్టెలో తిరిగి పెడితే చాలావరకు కనిపిస్తుంది. అప్పుడు ముందుగా మరో డిస్కులోకి కాపీ తీసుకోవాలి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే.