కోరంటి దవాఖానా నుండి గడ్డిఅన్నారము వరకు

నల్లకుంటలో ఒక పెద్ద ఆసుపత్రి కలదు. దాని పూర్తి పేరు సర్ రోనాల్డు రాస్ ఉష్ణమండల, సంక్రామిక వ్యాధుల సంస్థ. ఆ పేరుతో అడిగినచో దారి చూపువారు అరుదు. పలువురు దానిని ఫీవర్ ఆసుపత్రి అందురు. నగరములోని పాతకాలపు వారికి మాత్రము అది "కోరంటి దవాఖానా". ఈ కోరంటికిని కోరంట పూవుకును సంబంధము లేదు. "క్వారంటైన్" అను పరభాషా పదమే మన వీధులలో నలిగి కోరంటి అయినది. మూలమున దాని అర్థము నలుబది దినములు. తెగులు సోకిన ఊళ్ళనుండి వచ్చిన ఓడలను పూర్వము వెనిస్ రేవులో అన్ని దినములు వేరుగా నిలిపెడివారు.

ఈ మాట హైదరాబాదునకు ప్లేగు వెంట వచ్చినది. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపినది. దాని సూక్ష్మజీవిని యెర్సిన్ అంతకు రెండేండ్ల పూర్వమే హాంకాంగులో కనుగొని యుండెను. హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలోని ఒక చిన్న గదిలో, మాంసరసముపై నేతి బొట్లు తేలవైచి వాని క్రింద ఆ సూక్ష్మజీవులను పెంచి, వేడిచేసి చంపి, టీకా తయారు చేసినాడు. 1897 జనవరి 10న దానిని మొదట తన శరీరములోనికే ఎక్కించుకొన్నాడు. ఎలుకలపైనుండు ఈగల వంటి గెంతుడు పురుగులు వ్యాధిని మోయునని 1898లో సిమాండ్ చూపినాడు గాని, దానిని అందరు అంగీకరించుటకు ఏండ్లు పట్టినది. ఈలోపల అధికారులు ఎలుకను విడిచి మనుష్యుని పట్టుకొన్నారు. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి రోగులను వెదకుటచే పుట్టిన ఆగ్రహము ఎంతటిదనగా, ప్లేగు అధికారి రాండ్ 1897 జూన్‌లో కాల్చబడినాడు. రోగిని వేరు చేయుట శాస్త్రసమ్మతమే. కాని బలవంతమునకు జడిసి జనము రోగిని దాచినచో, ఆ శాస్త్రము వలన ప్రయోజన మేమి?

హైదరాబాదు వరుసగా రెండు దెబ్బలు తిన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినది. 1911లో ప్లేగు వచ్చినది. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు గల ఇండ్లను కట్టుటకు పూనుకొన్నది. 1915లో కోరంటి దవాఖానా వెలసినది. 1923లో అది నల్లకుంటకు మార్చబడినది. తరువాతి కాలమున కలరా, డిఫ్తీరియా, ధనుర్వాతము, కుక్కకాటు వలన వచ్చు రేబిస్, ఇట్టి రోగుల కందరికిని అదే శరణ్యమైనది. ప్లేగు పోయినను దవాఖానా నిలిచినది. మంచములు కొన్నాళ్ళు ఖాళీగా నున్నంత మాత్రమున అది వ్యర్థవ్యయమని తలచువారు అగ్నిమాపక శకటమును గూడ అట్లే లెక్కింపవలసి వచ్చును.

2009 మే 16న స్వైన్ ఫ్లూ భారతదేశమున మొట్టమొదట హైదరాబాదులోనే నిర్ధారణ అయినది. అమెరికానుండి విమానమున వచ్చిన ప్రయాణికునిలో అది కనబడినది. ఓడను నలుబది దినములు ఆపిన పద్ధతి విమానముల కాలమున ఎట్లు సాగును? రోగము లక్షణములు చూపకమునుపే రోగి ఊరు చేరుచున్నాడు. కాబట్టి పరిశోధకులు మనుష్యుని గాక మరియొక దానిని పరీక్షించు ఉపాయము వెదకినారు.

అది మురుగునీరు. కరోనా సోకినవాడు, దగ్గు జ్వరము లేకున్నను, వైరసు యొక్క ఆర్.ఎన్.ఏ. తునకలను మలముతో విసర్జించును. ఇది సుమారు 35 దినములవరకు సాగవచ్చును. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, దాని పొరుగున నున్న రసాయన సాంకేతిక సంస్థ కలిసి 2020లో నగరపు మురుగుశుద్ధి కేంద్రముల నీటిని పరీక్షించినవి. లీటరు నీటిలో నెన్ని తునకలు గలవో, దినమునకెంత నీరు ప్రవహించునో తెలిసినచో, ఎందరు విసర్జించిరో అంచనా కట్టవచ్చును. ఆ యేడు ఆగస్టులో వెలువడిన లెక్క ప్రకారము సుమారు 6 లక్షల 60 వేల మందికి వ్యాధి సోకియుండవలెను. ఇది అప్పటి అధికారిక సంఖ్యకంటె ఎంతో అధికము. ఎవరి తలుపును తట్టకుండ, ఎవరి పేరును అడుగకుండ తెలిసిన సంగతి ఇది.

అయితే లెక్క తెలిసినంతనే పని తీరదు. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్.బి.నగర్‌కు నడుమ గడ్డిఅన్నారము పండ్ల మార్కెటు ఉండెడిది. మామిడి ఋతువులో అచట భుజము భుజము రాచుకొనుచుండును. 2020 ఏప్రిల్ చివర, గుంపును తగ్గించుటకై మామిడి వ్యాపారమును ఊరి వెలుపలనున్న కొహెడకు తరలించినారు. ఉద్దేశము మంచిదే. కాని మే మొదటి వారమున గాలివాన వీచి, తొందరగా వేసిన అచటి రేకుల పందిళ్ళు కూలినవి, పలువురు గాయపడినారు. వైరసునుండి కాపాడుటకు పంపిన చోట గాలి కొట్టినది! ప్రణాళిక యనగా ఒక అపాయమును మాత్రమే లెక్కించుట కాదని ఆ హమాలీలకు వేరుగా చెప్పనక్కరలేదు.

అటు పిమ్మట మార్కెటు గడ్డిఅన్నారమునుండి శాశ్వతముగా కదలి బాటసింగారము చేరినది. ఖాళీయైన ఆ స్థలమున వేయి పడకల ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగినది.